భార్యాభర్తల మధ్య డబ్బు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇవి ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కుటుంబాలను దృష్టిలో పెట్టుకుని రాసిన జవాబులు. ఆస్తి, వారసత్వం గురించి చెప్పినచోట హిందూ వారసత్వ చట్టం వర్తించే కుటుంబాల మాటే చెప్పాం. ముస్లిం, క్రైస్తవ కుటుంబాలకు ఆ నియమాలు వేరు. బ్యాంకు, అప్పు, జామీను, నామినీ సంగతులు మాత్రం అందరికీ ఒకటే.

చాలీచాలని సంపాదన వల్లే గొడవలొస్తాయా?

అన్నిసార్లూ కాదు. నెలకు పాతిక వేలతో సాఫీగా నడిచే ఇళ్లున్నాయి, రెండు లక్షలొచ్చినా రోజూ రభసయ్యే ఇళ్లూ ఉన్నాయి. గొడవను విప్పి చూస్తే లోపల ఎక్కువగా కనిపించేవి ఇవి: ఒకరు చేసిన అప్పు రెండోవారికి తెలియదు, లేదా ఒకరి డబ్బుతో కొన్నది ఇంకొకరి పేరున ఉంది, లేదా "మనలో మనకి కాగితాలేంటి" అని నోటిమాటతో ఇచ్చింది ఇప్పుడు తిరిగి రావడం లేదు. అందుకే కింది జవాబుల్లో మేం మళ్లీ మళ్లీ అడిగేది ఒకటే. ఎవరి పేరున ఉంది, ఎవరు సంతకం పెట్టారు, ఆ సంగతి ఇద్దరికీ తెలుసా?

పెళ్లి కుదిరే ముందు డబ్బు గురించి ఏం అడగాలి?

జీతం ఎంతని అందరూ అడుగుతారు. చేతికి ఎంతొస్తుంది, అందులో ఈఎంఐలకు ఎంత పోతుందని అడిగేవాళ్లు తక్కువ. ఏడాదికి 12 లక్షల ప్యాకేజీ అంటే నెలకు లక్ష చేతికొస్తుందని కాదు. పీఎఫ్, పన్ను, ఏడాదికోసారి వచ్చే బోనసు అన్నీ ఆ అంకెలోనే ఉంటాయి.

నాలుగు విషయాలు తేలాలి. నడుస్తున్న అప్పులెన్ని? ఎవరి అప్పుకైనా జామీను ఉన్నారా? పాడేసిన చీటీలు ఇంకా ఎన్ని నెలలు కట్టాలి? తమ్ముడి చదువు, చెల్లెలి పెళ్లి లాంటి బాధ్యతలు ఎంతవరకు తమ మీద ఉన్నాయి? బ్యాంకు అప్పులు చూడాలంటే క్రెడిట్ రిపోర్టు చాలు. సిబిల్‌తో సహా ఈ రిపోర్టులిచ్చే నాలుగు సంస్థలూ ఏడాదికోసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. అయితే చేబదుళ్లు, ప్రామిసరీ నోట్ల బాకీలు అందులో కనబడవు, నోరు తెరిచి అడగాల్సిందే.

ఈ ప్రశ్నలు పెళ్లిపెద్దలతో అడిగిస్తే అవతలివాళ్లు చిన్నబుచ్చుకుంటారు. అబ్బాయి, అమ్మాయి నేరుగా మాట్లాడుకోవడమే మేలు. ముందు తమ లెక్క చెప్పి, తర్వాత ఎదుటివారిది అడిగితే అనుమానపడినట్టు ఉండదు.

పెళ్లి ఖర్చుకు చేసిన అప్పు ఎవరు తీరుస్తారో కూడా అప్పుడే తేల్చుకోండి. రిసెప్షన్ కోసం 14 శాతం వడ్డీకి 5 లక్షల పర్సనల్ లోను తీసుకుంటే ఐదేళ్లపాటు నెలకు సుమారు 11,600 రూపాయలు కట్టాలి. ఒక్క పూట వేడుక కోసం కొత్త కాపురం ఐదేళ్లు మోసే బరువది. కొత్త కోడలికి ఈ సంగతి రెండో నెలలోనో మూడో నెలలోనో తెలియడం ఏమాత్రం న్యాయం కాదు.

ఇద్దరూ ఉద్యోగస్తులం. ఖాతా ఒకటే ఉండాలా, వేర్వేరుగానా?

మా సలహా మూడు ఖాతాలు. ఎవరి జీతం ఖాతా వారిది, ఇంటి ఖర్చుకు ఉమ్మడిగా ఒకటి. అద్దె, సరుకులు, పిల్లల ఫీజులు, కరెంటు, ఈఎంఐ అన్నీ ఉమ్మడి ఖాతాలోంచే పోవాలి.

చెరి సగం వేసుకోవడం పైకి న్యాయంగా కనిపిస్తుంది కానీ జీతాల్లో తేడా ఉంటే తక్కువ జీతం వారిని నలిపేస్తుంది. భర్త జీతం 60,000, భార్య జీతం 30,000, ఇంటి ఖర్చు 45,000 అనుకుందాం. చెరి 22,500 వేస్తే ఆయన దగ్గర 37,500 మిగులుతుంది, ఆమె దగ్గర 7,500. రెండేళ్లు తిరిగేసరికి ఆయనకు షేర్లు, ఫిక్స్‌డ్ డిపాజిట్లు ఉంటాయి, ఆమెకు ఏమీ ఉండదు. జీతాల నిష్పత్తిలో ఆయన 30,000, ఆమె 15,000 వేస్తే ఇద్దరికీ జీతంలో సగం మిగులుతుంది. ఎవరి జీతం మారినా ఆ నెలలోనే లెక్క సరిచేసుకోండి.

ఉమ్మడి ఖాతా తెరిచేటప్పుడు ఫారంలో 'ఐదర్ ఆర్ సర్వైవర్' అన్న పద్ధతి ఎంచుకోండి. అప్పుడు ఇద్దరిలో ఎవరైనా డబ్బు తీయొచ్చు, ఒకరు పోతే రెండోవారు నడపొచ్చు. 'జాయింట్లీ' అని పెడితే ప్రతిసారీ రెండు సంతకాలు కావాలి. ఒకరు ఆసుపత్రిలో ఉంటే రెండోవారు చేతులు కట్టుకుని నిలబడాల్సి వస్తుంది.

భార్య ఉద్యోగం చేయకపోతే?

సరుకుల డబ్బులో మిగుల్చుకోమనడం సరైన ఏర్పాటు కాదు. అలా మిగిల్చింది పోపుల డబ్బాలోకో, చీరల మడతల్లోకో వెళ్తుంది. 2016 నవంబరు 8న పెద్ద నోట్లు రద్దయినప్పుడు ఎందరో ఇల్లాళ్లు ఏళ్ల తరబడి దాచుకున్నదంతా ఒక్కసారిగా బయటపెట్టాల్సి వచ్చింది. ఇంటి ఖర్చు డబ్బుతో సంబంధం లేకుండా, నెలనెలా ఒకే తేదీన ఆమె సొంత ఖాతాలో కొంత మొత్తం పడాలి. దానికి లెక్క అడగకూడదు. మొత్తం చిన్నదైనా ఫరవాలేదు, అడగకుండా పడటం ముఖ్యం.

భార్యకు ఇచ్చిన డబ్బు మీద పన్ను లేదు. అయితే దాన్ని ఆమె డిపాజిట్ చేస్తే వచ్చే వడ్డీని భర్త ఆదాయంలోనే కలిపి చూపాలి. చాలామంది దీన్ని రిటర్నులో వదిలేసి తర్వాత నోటీసు అందుకుంటారు.

ఆయన వాళ్ల అమ్మానాన్నలకు పంపితే సరే, నేను మా వాళ్లకు పంపితే గొడవెందుకు?

పెళ్లైన కూతురు పుట్టింటికి డబ్బు పంపకూడదన్నది అలవాటుగా వచ్చిన మాట, చట్టం మాట కాదు. తల్లిదండ్రులు, వృద్ధుల పోషణకు 2007లో వచ్చిన చట్టం కొడుకునూ కూతురినీ ఒకేలా చూస్తుంది. ఇద్దరికీ తల్లిదండ్రులుంటారు కాబట్టి ఇద్దరూ పంపొచ్చు.

గొడవ పెట్టేది రహస్యం. నెలకు ఎంత పంపుతామో ఇద్దరూ కూర్చుని అనుకోండి, ఎవరి వాటాలోంచి వారు నేరుగా పంపండి. అనుకున్నదానికి మించి, ఉదాహరణకు 10,000 దాటి ఇవ్వాల్సి వస్తే ముందు చెప్పాలి. ఆసుపత్రి ఖర్చయితే ముందు కట్టేసి అదే రోజు చెప్పాలి. "ఈసారి కుదరదు" అని చెప్పాల్సి వచ్చినప్పుడు ఎవరి అమ్మానాన్నలకు వారే చెప్పాలి. కొడుకు చెప్పాల్సిన మాట కోడలి నోట వచ్చిందంటే అత్తగారి మనసులో అది ఏళ్లపాటు ఉండిపోతుంది.

నా బంగారం అత్తగారి లాకర్లో ఉంది. అది ఎవరిది?

మీదే. పుట్టింటివారు పెట్టినా, అత్తింటివారు పెట్టినా, చుట్టాలు చదివించినా పెళ్లికూతురికి ఇచ్చింది స్త్రీధనం. 1985లో ప్రతిభా రాణి కేసులో సుప్రీంకోర్టు దాన్ని భార్య సొంత ఆస్తిగా తేల్చింది, భర్త, అత్తమామల దగ్గర ఉన్నా వారు భద్రపరిచేవారే తప్ప యజమానులు కారని చెప్పింది. కష్టకాలంలో భర్త వాడుకున్నా తిరిగి ఇవ్వాల్సిన బాధ్యత ఉంటుంది.

హక్కు సరే, రుజువు చేయడం దగ్గరే చిక్కంతా. ముప్పై తులాలు పెట్టామని ఒకరు, పద్దెనిమిదేనని ఇంకొకరు అంటారు. పెళ్లి ఫొటోల్లో హారం కనబడుతుంది కానీ తూకం కనబడదు. కాబట్టి పెళ్లైన మొదటి నెలలోనే జాబితా రాయండి.

ఒక్కో నగకు ఒక్కో వరుస: నగ పేరు, గ్రాముల్లో తూకం, ఎవరు పెట్టారు, ఎప్పుడు. తులాలు, కాసులు అని రాయకండి. తులమంటే ఇప్పుడు 10 గ్రాములంటున్నారు, పాత లెక్కలో అది 11.66 గ్రాములు. కాసంటే 8 గ్రాములు. రాళ్ల నగలకు రాళ్లతో ఎంత, రాళ్లు తీసేస్తే ఎంత అని రెండు తూకాలూ రాయండి. 2023 ఏప్రిల్ నుంచి షాపులో అమ్మే హాల్‌మార్క్ నగ మీద ఆరు అక్షరాల, అంకెల గుర్తింపు సంఖ్య తప్పనిసరి. భూతద్దంతో చూసి దాన్నీ ఎక్కించండి. ఒక్కో నగను విడిగా ఫొటో తీసి, బిల్లులు జతచేసి, ఇద్దరూ సంతకాలు పెట్టి, ఒక నకలు పుట్టింట్లో ఉంచండి. వధూవరులకు వచ్చిన కానుకల జాబితా రాసి సంతకాలు చేయాలని 1985 నాటి కేంద్ర నిబంధనలే చెబుతున్నాయి కాబట్టి ఇందులో మొహమాటపడాల్సింది లేదు.

నగలు కుదువపెట్టాల్సి వస్తే గోల్డ్ లోను భార్య పేరునే తీసుకోండి. ఎవరి పేరున లోను ఉంటే నగలు వారికే తిరిగిస్తారు, సొంతదారుగా సంతకం పెట్టేదీ వారే. భర్త పేరున పెట్టిన నగల గురించి తర్వాత బ్యాంకును అడిగితే వాళ్లు భార్యతో మాట్లాడరు. గడువు సాధారణంగా ఏడాది. ఆలోగా వడ్డీ అయినా కట్టి తిరగరాయించకపోతే వేలం నోటీసు వస్తుంది, అది లోను ఎవరి పేరున ఉంటే వారి చిరునామాకే వెళ్తుంది.

కట్నంగా ఇచ్చిన డబ్బు సంగతేంటి?

అడగడం, ఇవ్వడం, తీసుకోవడం మూడూ 1961 వరకట్న నిషేధ చట్టం ప్రకారం నేరాలే. ఇచ్చేసి ఉంటే, తీసుకున్నవారు మూడు నెలల్లోపు దాన్ని వధువుకు బదిలీ చేయాలని అదే చట్టం చెబుతుంది. ఫిర్యాదు చేస్తే ఇచ్చిన మా మీదే కేసవుతుందేమోనని చాలామంది భయపడతారు. బాధితులు ఇచ్చిన వాంగ్మూలాన్ని బట్టి వారి మీదే కేసు నడపకూడదని చట్టంలోనే ఉంది.

పసుపు కుంకుమ కింద ఎకరం ఇస్తామన్నారు. నోటిమాట చాలదా?

చాలదు. భూమి, ఇల్లు దానంగా ఇవ్వాలంటే రిజిస్టరైన దస్తావేజు, ఇద్దరు సాక్షుల సంతకాలు కావాలి. తండ్రి ఉన్నన్నాళ్లూ కౌలు డబ్బు కూతురికి అందుతుంది, ఆయన పోయాక అన్నదమ్ముల పేరున పాసుపుస్తకం వస్తుంది, అక్కడ గొడవ మొదలవుతుంది. వ్యవసాయ భూమికి తెలంగాణలో తహసీల్దారు కార్యాలయంలో, ఆంధ్రప్రదేశ్‌లో సబ్‌రిజిస్ట్రారు కార్యాలయంలో రిజిస్ట్రేషన్ చేయించి, పాసుపుస్తకం కూతురి పేరున మార్పించాకే పని పూర్తయినట్టు.

పిత్రార్జితంలో వాటా వేరే సంగతి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1986లోనే కూతుళ్లకు సమాన వాటా ఇచ్చింది, కానీ 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్లికాని వారికే. 2005 సెప్టెంబరు 9 నుంచి అమల్లోకొచ్చిన కేంద్ర సవరణ ఆ తేడాను తీసేసింది. ఆ రోజుకు తండ్రి బతికి ఉండాల్సిన పని కూడా లేదని 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరైన పంపకాలను, కోర్టు డిక్రీతో జరిగిన పంపకాలను తిరగదోడరు.

ఒక మాట అల్లుళ్లకు. వాటా అడగాలా వద్దా అన్నది మీ భార్య నిర్ణయం. అడగమని ఒత్తిడి చేయడమూ, వదిలేయమని ఒత్తిడి చేయడమూ రెండూ తప్పే. హక్కు విడుదల దస్తావేజు మీద ఒకసారి సంతకం పెట్టాక వెనక్కి రావడం చాలా కష్టం, కాబట్టి "ఊరికే సంతకమే కదా" అని ఎవరు తెచ్చినా చదివించుకోకుండా పెట్టనివ్వకండి.

చీటీల వల్ల కాపురాల్లో గొడవలెందుకొస్తాయి?

పాడే వరకూ అది పొదుపు, పాడిన మరుసటి నెల నుంచి అప్పు. ఈ మార్పు ఇంట్లో ఒకరికే తెలుస్తుంది. 5 లక్షల చీటీ, 25 మంది, 25 నెలలు, నెలకు 20,000 అనుకోండి. మూడో నెలలో ఒకరు లక్ష తగ్గించి పాడితే చేతికి 4 లక్షలొస్తాయి. ఆ లక్షలోంచి, చీటీ మొత్తం 5 లక్షల మీద 5 శాతం కమీషను 25,000 పోగా మిగిలిన 75,000 అందరికీ పంచితే తలా 3,000, కాబట్టి ఆ నెల 17,000 కడితే సరిపోతుంది. కానీ పాడినవారు మిగిలిన 22 నెలలూ తప్పకుండా కట్టాలి. ఆ 4 లక్షలు మరిది వ్యాపారానికి వెళ్లి, షూరిటీ సంతకం భార్యది అయితే, కట్టలేని నెల నోటీసు ఆమె ఆఫీసుకొస్తుంది.

జామీను పడ్డవారి బాధ్యత అప్పు తీసుకున్నవారితో సమానం. ముందు వాళ్లను అడిగి తర్వాత నా దగ్గరికి రండి అనే వీలు మామూలుగా ఉండదు. చీటీ రిజిస్టరైందో కాదో చూడండి. 1982 చిట్‌ఫండ్ చట్టం కింద కమీషను 7 శాతం మించకూడదు. కాలనీలో తెలిసినవారు నడిపే చీటీకి ఏ కాగితమూ ఉండదు, వాళ్లు ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోతే డబ్బు పోతుంది.

నూటికి రెండు రూపాయల వడ్డీ ఎక్కువా?

ఏడాదికి 24 శాతం. మూడు రూపాయలైతే 36. నెలకు చెప్పడం వల్ల చిన్నగా వినిపిస్తుంది. 3 లక్షలకు రెండు రూపాయల వడ్డీ అంటే నెలకు 6,000. మూడేళ్లు కడితే 2,16,000 వడ్డీ కింద పోతుంది, అసలు 3 లక్షలు అలాగే ఉంటుంది. ప్రామిసరీ నోటుకు కాలపరిమితి మూడేళ్లు గనక ఆలోపు తిరగరాయమని వస్తారు. అప్పుడు పాత వడ్డీని అసల్లో కలిపి రాస్తున్నారేమో చూడండి, పాత నోటు చించేయకుండా కొత్త దానిమీద సంతకం పెట్టకండి. కట్టిన ప్రతిసారీ నోటు వెనక చెల్లు వేయించుకోవాలి, లేదా డబ్బు యూపీఐలోనే పంపాలి.

భర్త చేసిన అప్పు భార్య కట్టాలా?

ఆమె అప్పులో భాగస్వామిగానో జామీనుగానో సంతకం పెట్టకపోతే కట్టక్కర్లేదు. భార్య అప్పు విషయంలో భర్తకూ అంతే. అప్పు తీసుకున్నవారు చనిపోతే వారసులు తమకు సంక్రమించిన ఆస్తి విలువ మేరకే బాధ్యులు, తమ సొంత జీతం, సొంత ఆస్తి నుంచి కాదు.

ఆన్‌లైన్ బెట్టింగులో, లోన్ యాప్‌లలో దాచిపెట్టిన అప్పు బయటపడింది. ఇప్పుడేం చేయాలి?

మొదటి రోజే పుట్టింటివారు, అత్తింటివారు కలిసి డబ్బు పోగేసి తీర్చేయకండి. మా అభిప్రాయంలో అతి పెద్ద పొరపాటు ఇదే. సగం అప్పే చెప్పి ఉంటారు, తీర్చిన రెండు నెలలకు మిగతా సగం బయటికొస్తుంది, అప్పటికి ఇవ్వడానికి ఎవరి దగ్గరా ఏమీ ఉండదు.

ముందు పూర్తి జాబితా కావాలి. క్రెడిట్ రిపోర్టు, ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంటు, యూపీఐ లావాదేవీలు పక్కపక్కన పెట్టి, ఎవరికి ఎంత, వడ్డీ ఎంత, ఎవరెవరు సంతకం పెట్టారు అని ఒకే కాగితం మీద రాయండి. తర్వాత ఎక్కువ వడ్డీ ఉన్నదాన్నుంచి తీర్చండి: యాప్ అప్పు, క్రెడిట్ కార్డు, ఆ తర్వాత ప్రామిసరీ నోట్లు, చివర బ్యాంకు లోన్లు. ఒక అప్పు తీర్చడానికి ఇంకో అప్పు చేయనే వద్దు. రికవరీ ఏజెంట్లు ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేయకూడదని రిజర్వు బ్యాంకు నియమం. బంధువులకు ఫోన్లు చేసి పరువు తీస్తామని బెదిరిస్తే 1930కి ఫోన్ చేసి సైబర్ క్రైం పోలీసులకు ఫిర్యాదు చేయండి.

డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను కేంద్రం 2025లో చట్టం తెచ్చి నిషేధించింది, అయినా దొంగదారిన నడిచేవి ఉంటాయి. బెట్టింగు వ్యసనానికి మానసిక వైద్యుడి సాయం కావాలి. కొన్నాళ్లు జీతం ఉమ్మడి ఖాతాలో పడేలా ఇద్దరూ ఒప్పుకుని చేసుకోవాలి. దాన్ని శిక్షలా నడిపితే దాపరికం మళ్లీ మొదలవుతుంది.

ఇంటి లోన్‌లో నా పేరుంది, దస్తావేజులో లేదు. ఇబ్బందా?

ఇబ్బందే. అప్పు మీది, ఇల్లు మీది కాదు. కొనేటప్పుడే సేల్ డీడ్‌లో ఇద్దరి పేర్లూ, ఎవరి వాటా ఎంతో రాయించండి. పాత పన్ను పద్ధతిలో గృహరుణ మినహాయింపు కూడా ఇంట్లో వాటా ఉండి ఈఎంఐ కట్టేవారికే వస్తుంది. మీరు కట్టే ఈఎంఐ మీ ఖాతా నుంచే పోవాలి.

నామినీగా పేరుంటే ఆస్తి వారిదేనా?

బ్యాంకు డిపాజిట్లు, షేర్ల విషయంలో కాదు. నామినీ డబ్బు అందుకుని వారసులకు అందజేయాల్సినవారు మాత్రమే. షేర్ల గురించి సుప్రీంకోర్టు 2023 డిసెంబరులో ఇదే చెప్పింది. జీవిత బీమాలో మాత్రం తల్లిదండ్రులు, భార్య లేదా భర్త, పిల్లలు నామినీలైతే డబ్బు వారిదే.

ఉద్యోగంలో చేరినప్పుడు పీఎఫ్‌లో అమ్మ పేరో నాన్న పేరో రాసి ఉంటారు. పెళ్లితో ఆ పాత నామినేషన్ చెల్లకుండా పోతుంది, కొత్తది పెట్టాలి. అప్పులున్న వ్యాపారస్తులు టర్మ్ పాలసీ తీసుకునేటప్పుడు 1874 నాటి వివాహిత స్త్రీల ఆస్తి చట్టం కింద ఇవ్వమని అడగండి. అలా తీసుకున్న పాలసీ డబ్బు భార్యాపిల్లలకే చెందుతుంది, అప్పులవాళ్లు తాకలేరు. పాలసీ తీసుకునేటప్పుడే ఆ ఫారం నింపాలి, తర్వాత కుదరదు.

పిల్లల్లేని ఉద్యోగినులు వీలునామా తప్పక రాయాలి. స్వార్జితం ఉండి వీలునామా లేకుండా పోతే, భర్త కూడా లేనప్పుడు అది ముందు వెళ్లేది భర్త తరఫు వారసులకు, ఆ తర్వాతే కన్నవారికి. వీలునామాకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం చాలు.

అమెరికాలో ఉన్నాం. అక్కడ కూడా ఇవే నియమాలా?

కాదు. భారతదేశంలో ఎవరి పేరున ఉన్నది వారిదే. టెక్సాస్, కాలిఫోర్నియా, వాషింగ్టన్ లాంటి రాష్ట్రాల్లో పెళ్లయ్యాక ఇద్దరిలో ఎవరు సంపాదించినా సాధారణంగా అది ఇద్దరి ఉమ్మడి ఆస్తి. హెచ్-4 వీసా మీద ఉండి పని చేసే అనుమతి లేని భార్యకు ఇది తెలిసి ఉండాలి. ఇండియాలో కొనే ప్లాటుకు మామగారికో బావమరిదికో పవర్ ఆఫ్ అటార్నీ ఇస్తుంటే ఏ ఆస్తికి, ఏ పనికి అన్నది విడివిడిగా రాయండి. అన్నిటికీ కలిపి ఇచ్చిన జనరల్ పవర్ వల్ల అన్నదమ్ములు మాట్లాడుకోకుండా పోయిన ఇళ్లున్నాయి.

జీతం, ఏటీఎం కార్డు ఆయనే లాగేసుకుంటారు. ఖర్చుకు చేయి చాచాలి. ఇది కూడా హింసేనా?

అవును. 2005 గృహహింస చట్టం ఆర్థిక హింసను విడిగా పేర్కొంది. జీతం, స్త్రీధనం లాక్కోవడం, ఇంటి ఖర్చుకు ఇవ్వకపోవడం దాని కిందికే వస్తాయి. ముందు కార్డు బ్లాక్ చేయించి, పిన్, యూపీఐ రహస్య సంఖ్య మార్చి, ఖాతాకు మీ సొంత ఫోన్ నంబరు జతచేయించండి. కుదరకపోతే వేరే బ్యాంకులో ఖాతా తెరిచి జీతం దానికి మార్పించమని ఆఫీసులో రాసివ్వండి. జీతం స్లిప్పులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, నగల జాబితా ఫొటోలు నమ్మకమైనవారికి పంపి ఉంచండి.

సలహాకు 181, న్యాయ సహాయానికి 15100. మహిళలకు ఆదాయంతో పని లేకుండా జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది, జిల్లా కోర్టు ఆవరణలోనే కార్యాలయం ఉంటుంది. భరణం కేసయితే ఇద్దరూ ఆస్తిఅప్పుల ప్రమాణపత్రం దాఖలు చేయాలని 2020 నవంబరులో రజనీశ్ కేసులో సుప్రీంకోర్టు ఆదేశించింది. "నాకు జీతమే లేదు" అనేవారు ఆ పత్రంలో బ్యాంకు ఖాతాలన్నీ రాయాల్సి వస్తుంది. కాబట్టి ఆయన ఖాతాలు ఏయే బ్యాంకుల్లో ఉన్నాయో మీకు తెలిసినంతవరకు లాయరుకు ముందే రాసివ్వండి.